హాజరుపట్టీలో తెలిసే జబ్బు: అంగన్‌వాడీల్లో, వసతి గృహాల్లో, వృద్ధాశ్రమాల్లో వ్యాధి ప్రబలడాన్ని గుర్తించడం

స్మారకోపన్యాసం, నూజివీడు

ఒక చోట, ఒక వ్యవధిలో, మామూలుగా కనిపించే సంఖ్య కన్నా ఎక్కువమందికి ఒకే తీరు జబ్బు చేస్తే అక్కడ వ్యాధి ప్రబలినట్టు. ఈ నిర్వచనం పనికి రావాలంటే ఆ చోట మామూలు ఎంతో ముందే తెలిసి ఉండాలి. పాతికమంది పిల్లలున్న అంగన్‌వాడీలో వానాకాలం ఇద్దరు ముగ్గురు జలుబుతో రాకపోవడం మామూలే. అదే కేంద్రంలో రెండు రోజుల్లో ఐదుగురికి విరేచనాలు పట్టుకుంటే అది మామూలు కాదు. ఆస్పత్రిలో కూర్చున్న డాక్టరుకు ఈ తేడా కనిపించదు. నూజివీడు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఆ ఐదుగురిలో ఇద్దరిని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు, ఒకరిని నూజివీడు ఏరియా ఆస్పత్రికి, ఇంకొకరిని ప్రైవేటు క్లినిక్కుకి, మిగిలిన ఒకరిని అమ్మమ్మగారి ఊరికి. ఎవరి చీటీల్లో చూసినా ఒకటో రెండో కేసులే ఉంటాయి. ఐదుగురినీ కలిపి చూడగలిగేది కేంద్రంలోని టీచరమ్మ, ఆయా మాత్రమే. ప్రయోగశాల జబ్బుకు పేరు పెట్టేలోగా రోజులు గడుస్తాయి. హాజరుపట్టీ మాత్రం మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంటుంది.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. ఇప్పుడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే యాభై అయిదు వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వీటికి తోడు సంక్షేమ వసతి గృహాలు, గురుకులాలు, పట్టణాల్లో ప్రైవేటు క్రెష్‌లు ఉన్నాయి. నూజివీడులోనే 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. జనం నోట అది ట్రిపుల్ ఐటీ. పదో తరగతి ముగించి వచ్చిన పిల్లలు వేల సంఖ్యలో అక్కడే ఉండి చదువుకుంటారు. వయసు మళ్లినవారి సంగతి చూస్తే, పిల్లలు హైదరాబాదుకో విదేశాలకో వెళ్లిపోయిన ఇళ్ల పెద్దలు వృద్ధాశ్రమాల్లో చేరడం కోస్తా జిల్లాల్లో ఇప్పుడు వింత కాదు. దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, కనీసం 150 మందికి చోటు ఉండేలా ఏర్పాటు కావాలని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చెబుతోంది.

వీటన్నిటికీ ఉమ్మడిగా ఉండేవి ఒకే వంటగది, ఒకే నీళ్ల ట్యాంకు, ఒకే మరుగుదొడ్ల వరుస, ఒకరి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లే అవే చేతులు. పసివాళ్లకు రోగనిరోధక శక్తి ఇంకా కూడుకోలేదు, ముసలివాళ్లకు సన్నగిల్లింది. బయట నెల రోజులు పాకే జబ్బు ఇక్కడ వారంలో చుట్టేస్తుంది.

మామూలు ఎంతో లెక్క కట్టడంలో ఈ మెట్ట ప్రాంతానికి సొంత చిక్కు ఒకటుంది. పూత దిగి కాయ ముదిరే వేళకు, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా, నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు కూలి పనంతా మామిడి తోటల్లోనే. చిన్నరసాలు, బంగినపల్లి కోయడం, ఏరడం, పెట్టెలకెత్తడం తెల్లవారుజామునే మొదలవుతుంది. తల్లి తోటకు వెళ్తూ బిడ్డను కేంద్రంలో దింపవచ్చు, వెంట తోటకే తీసుకుపోనూవచ్చు. అందువల్ల ఆ నెలల హాజరును జూలై హాజరుతో పోల్చకూడదు. గత ఏడాది ఇదే కోత కాలపు హాజరుతోనే పోల్చాలి. అంతకన్నా ముఖ్యమైనది రాకపోవడానికి కారణం రాయడం. ‘రాలేదు’ అని గుర్తు పెట్టి వదిలేస్తే పట్టీ మూగది. ‘జ్వరం’, ‘వాంతులు’, ‘ఒంటిమీద పొక్కులు’, ‘తోటకు వెళ్లాడు’ అని ఒక్కో మాట పక్కన చేరిస్తే అదే నిఘా పుస్తకం అవుతుంది.

కారణం అడిగినా అన్ని ఇళ్లవాళ్లూ చెప్పరు. ఒంటిమీద పొక్కులు లేస్తే చాలా ఇళ్లలో ‘అమ్మవారు పోసింది’ అంటారు. ఆస్పత్రికి వెళ్లరు, వేపాకు కట్టి బిడ్డను ఇంట్లోనే ఉంచుతారు. బిడ్డను గడప దాటనివ్వకపోవడం మంచి అలవాటే, అంటు కొంత ఆగుతుంది. నష్టం ఎక్కడంటే ఆ కబురు బయటికి రాదు. కేంద్రంలో మరో నలుగురికి పొక్కులు లేచేదాకా మొదటి కేసు ఎవరికీ తెలియదు. ఇంటిమీదికి వెళ్లి మర్యాదగా కనుక్కునే ఆశా కార్యకర్తకు ఇక్కడ ఏ యంత్రానికీ లేని విలువ ఉంది.

పొక్కులన్నీ ఒకటి కావు. ఆటలమ్మలో పొక్కులు ముందు ఛాతీ, వీపు మీద లేచి తర్వాత ముఖానికీ కాళ్లూ చేతులకూ పాకుతాయి, ఒకే బిడ్డ ఒంటిమీద ఎర్రమచ్చ, నీటిపొక్కు, ఎండిన పక్కు మూడూ ఒకేసారి కనిపిస్తాయి, దురద ఎక్కువ. నోట్లో పుండ్లు, అరచేతుల్లో, అరికాళ్లలో, పిరుదుల మీద పొక్కులు ఉంటే అది చేయి, కాలు, నోటి వ్యాధి. అయిదేళ్ల లోపు పిల్లలకు ఎక్కువగా వచ్చే ఈ జబ్బు క్రెష్‌లలో నాలుగైదు రోజుల్లో గదంతా తిరుగుతుంది. 2022లో కేరళలోని కొల్లం జిల్లాలో పసివాళ్లకు వచ్చి ‘టమాటా ఫ్లూ’ పేరుతో దేశమంతా బెదరగొట్టింది ఈ కోవ జబ్బే. తట్టులో అయితే పొక్కుల కన్నా ముందు మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం ఉంటాయి. దద్దు చెవుల వెనక మొదలై కిందికి దిగుతుంది. గవదబిళ్లలు, కళ్లకలక ఎవరైనా గుర్తుపట్టేవే. 2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల వసతి గృహాల్లో కళ్లకలక ఎంత వేగంగా పాకిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఎంతమంది అయితే అనుమానించాలి? ఒకే కేంద్రంలో రెండు మూడు రోజుల్లో ఇద్దరు ముగ్గురికి ఒకే లక్షణాలు వచ్చి, వారి మధ్య ఒక గది, ఒక భోజనం, ఒక ఆయా వంటి సంబంధం ఉంటే చాలు. కొన్ని జబ్బులకు ఒక్క కేసే ఎక్కువ: తట్టు అనుమానం, గొంతులో తెల్లపొర కట్టే కంఠసర్పి, హఠాత్తుగా కాలో చేయో చచ్చుబడటం, బియ్యం కడుగు నీళ్లలాంటి విరేచనాలతో పెద్దవాళ్లు సైతం గంటల్లో నీరసించిపోయే కలరా. వీటిలో రెండో కేసు కోసం ఎదురు చూడటం తప్పు.

జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ముందుగా చెప్పేది కాలం. క్రిమి ఒంట్లో చేరిన ఘడియకూ లక్షణాలు బయటపడే ఘడియకూ మధ్య దూరం, అంటే పొదుగుకాలం, ఒక్కో జబ్బుకు ఒక్కో తీరు. భోజనం చేసిన 1 నుంచి 6 గంటల్లో ఒక్కసారిగా వాంతులు మొదలైతే, వంటమనిషి చేతి పుండు నుంచి వచ్చే స్టెఫైలోకాకస్ విషమో, వండి గంటల తరబడి అలాగే వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ విషమో కారణమై ఉండవచ్చు. అన్నాన్ని మళ్లీ వేడిచేసినా ఆ విషం చావదు. ఈ ఒక్క విషయం వంటగది గోడమీద రాసిపెట్టుకోదగ్గది. పెద్ద గుండిగలో నిదానంగా చల్లారిన పప్పు, మాంసం కూరల్లో పెరిగే క్లాస్ట్రీడియం 8 నుంచి 12 గంటలకు మెలిపెట్టే కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది; వాంతులు, జ్వరం తక్కువ. సరిగ్గా ఉడకని గుడ్ల వల్ల వచ్చే సాల్మొనెల్లాకు సాధారణంగా 12 నుంచి 36 గంటలు పడుతుంది, జ్వరం తోడవుతుంది. నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు. దీన్ని ల్యాబు లేకుండానే గుర్తించడానికి 1982లో కాప్లాన్, ఆయన సహచరులు కొన్ని గుర్తులు చెప్పారు: సగం మందికి పైగా వాంతులు, సగటున ఒకటి రెండు రోజుల పొదుగుకాలం, 12 నుంచి 60 గంటల్లో తగ్గిపోవడం, మలపరీక్షలో బ్యాక్టీరియా దొరకకపోవడం. నాలుగూ కలిస్తే నోరోవైరస్సే అనుకుని పని మొదలుపెట్టవచ్చు. దీనికి చేతులకు పూసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే కావాలి.

పచ్చకామెర్ల కాలం వేరు. హెపటైటిస్-ఎ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి 15 నుంచి 50 రోజులు, సగటున 28 రోజులు పడుతుంది. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలి బాలికలు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటిచోట ఈ వారం తాగిన నీళ్లను పరీక్షించి ఊరుకుంటే చాలదు. నెల కిందట పైపు ఎక్కడ పగిలింది, బోరు ఎప్పుడు చెడింది, ట్యాంకు ఎప్పుడు కడిగారు అన్నది వెనక్కి వెళ్లి వెతకాలి. సెలవులకు పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతే జబ్బు కూడా నాలుగు దిక్కులా చెదిరిపోతుంది, లెక్క అందదు. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలోని ప్రైవేటు వసతి గృహంలో బయటి ఆహారం తిని చిన్నపిల్లలు జబ్బుపడినప్పుడు ఇదే జరిగింది. పిల్లలు తమ తమ మన్యం ఊళ్లకు చేరారు, వేరువేరు ఆస్పత్రుల్లో తేలారు, కొందరు బతకలేదు. ఎవరెవరు ఏ ఊరు వెళ్లారో పేరుపేరునా రాసిన పట్టిక, ఫోను నంబర్లతో సహా, వసతి గృహంలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాల్సింది ఇందుకే.

జబ్బుపడిన ఒక్కొక్కరికి ఒక్కో గడి చొప్పున, రోజువారీగా కాగితం మీద నిలువుగా పేర్చుకుంటూ పోతే ఒక ఆకారం వస్తుంది. ఒక్క పూట భోజనం వల్ల వచ్చినదైతే ఒక్కసారిగా లేచి, త్వరగా పడిపోయే ఒంటి గుట్ట కనిపిస్తుంది. మనిషి నుంచి మనిషికి పాకేదైతే ఒక పొదుగుకాలం ఎడంతో అలల మీద అలలు వస్తాయి. కారణం ఇంకా తొలగిపోకపోతే, ఉదాహరణకు నీళ్ల ట్యాంకు చెడి ఉంటే, గుట్ట దిగకుండా రోజుల తరబడి అలాగే సాగుతుంది. 2024 ఆగస్టు చివర నూజివీడు ట్రిపుల్ ఐటీలో జ్వరం, కడుపునొప్పి, వాంతులు, విరేచనాలతో వందలమంది విద్యార్థులు ఒక్క రాత్రి కాదు, వరుసగా కొన్ని రోజుల పాటు జబ్బుపడ్డారు. ఈ తీరు కనిపించినప్పుడు ఒక్క పూట కూర మీద నేరం మోపి చేతులు దులుపుకోకూడదు. నీరు, వంటవారి ఆరోగ్యం, పాత్రలు కడిగే చోటు, గది నుంచి గదికి అంటు ఈ నాలుగింటినీ వేరువేరుగా చూడాలి. అంత పెద్ద ప్రాంగణంలో రోజూ డిస్పెన్సరీకి వచ్చినవారి సంఖ్యను లక్షణాల వారీగా, హాస్టల్ బ్లాకుల వారీగా రాసుకుంటే రెండో రోజుకే వంపు కనిపిస్తుంది.

ప్రబలేవన్నీ అంటువ్యాధులు కావు. మామిడి నాట ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. పూత మీద తేనెమంచు పురుగు పడకుండా తోటల్లో మందు కొడతారు. ఆ మందుల్లో ఆర్గానోఫాస్ఫరస్ జాతివి కూడా ఉంటాయి. బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో 2013 జూలై 16న బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆహారంలో కలిసినది ఆ జాతికే చెందిన మోనోక్రోటోఫాస్. పురుగుమందు తాగిన తీరు జబ్బు నిమిషాల నుంచి కొద్ది గంటల్లోనే తెలుస్తుంది: కనుపాపలు సూదిమొనంత కుంచించుకుపోతాయి, చొంగ, కన్నీరు, చెమట కారిపోతాయి, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం, మూర్ఛ. జ్వరం ఉండదు. ఒక్క బిడ్డలో ఇవి కనిపించినా వడ్డన ఆపేసి, వెంటనే 108కి ఫోను చేసి, ఆస్పత్రికి ‘పురుగుమందు అనుమానం’ అని ముందే చెప్పాలి. విరుగుడు మందు అట్రోపిన్ సిద్ధంగా ఉంచుకోవడానికి ఆ ఒక్క మాట పనికొస్తుంది. మందు డబ్బా ఎంత కడిగినా నూనెకు, నీళ్లకు వాడకూడదు. మందూ బియ్యమూ ఒకే గదిలో ఉంచకూడదు.

2020 డిసెంబరు 5న ఏలూరు వన్ టౌన్‌లో మొదలైన వింత జబ్బు ఈ ప్రాంతం మరచిపోలేనిది. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా మూర్ఛ, స్పృహ తప్పడం, వాంతులతో ఆస్పత్రికి వచ్చారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు. పిల్లలూ పెద్దలూ అన్న తేడా లేదు. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి మిగిలినవారికి రాకపోవడం, ఒకరి నుంచి ఇంకొకరికి పాకకపోవడం చూసి వైద్యులు అంటువ్యాధి కాదని త్వరగానే అనుమానించారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, ఇతర జాతీయ సంస్థల పరీక్షల తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్న నిర్ణయానికి వచ్చారు. ఎవరికి వచ్చిందన్నంతగా ఎవరికి రాలేదన్నదీ అక్కడ ఆధారమైంది. లండన్ సోహోలో 1854 కలరా నాడు జాన్ స్నో పట్టుకున్న ఆధారాల్లో ఇలాంటిది ఒకటుంది. చుట్టూ ఇళ్లలో జనం రాలిపోతుంటే, పోలండ్ వీధిలో 535 మంది ఉన్న బీదల ఆశ్రమంలో కలరాతో చనిపోయింది అయిదుగురే. ఆ ఆశ్రమానికి సొంత బావి ఉంది.

జబ్బు వచ్చినవారినీ రానివారినీ పోల్చే ఈ లెక్కను ఏ వార్డెనైనా వేయగలరు. ఉదాహరణకు వందమంది ఉన్న హాస్టల్లో అరవైమంది పెరుగు తిన్నారు, వారిలో ముప్పైమంది జబ్బుపడ్డారు. తినని నలభైమందిలో ఇద్దరే పడ్డారు. తిన్నవారిలో నూటికి యాభై, తిననివారిలో నూటికి అయిదు. అనుమానం పెరుగు మీదికి పోతుంది. తినని, బాగున్న పిల్లల్ని అడగకుండా జబ్బుపడినవారినే అడిగితే ఈ తేడా ఎన్నటికీ బయటపడదు.

వృద్ధాశ్రమాల్లో గుర్తింపు ఇంతకన్నా కష్టం. పెద్దవాళ్ల ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అందువల్ల వారి విషయంలో నోటిలో పెట్టిన థర్మామీటరు ఒక్కసారి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, ఆ మనిషికి మామూలుగా ఉండే వేడి కన్నా 2 డిగ్రీలు పెరిగినా జ్వరంగానే లెక్కించాలని వైద్యులు చెబుతారు. మామూలు వేడి రాసి పెట్టుకోని ఆశ్రమంలో ఈ సూత్రం పనికిరాదు. జ్వరం కన్నా ముందు వచ్చే గుర్తులు వేరే ఉంటాయి. నిన్నటిదాకా తిన్న తాతగారు ఈరోజు ముద్ద ముట్టకపోవడం, మనిషిని పోల్చుకోలేక తికమకపడటం, కారణం లేకుండా పడిపోవడం, పగలంతా మగతగా ఉండటం. ‘వయసు మీద పడింది’ అని వీటిని కొట్టిపారేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఒకే వరండాలో మూడు రోజుల్లో ఇద్దరు ఇలా మారి, దగ్గు కూడా ఉంటే ఫ్లూ లేదా కోవిడ్ అనుమానించి పరీక్ష చేయించాలి.

గజ్జి ఇంకో తీరు. మొదటిసారి అంటినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చర్మం పొట్టులా మందంగా కట్టే రకం ఉన్న ముసలివారికి దురద అంతగా ఉండకపోవచ్చు, కానీ ఆ ఒక్కరి పడక నుంచే వార్డంతా అంటుతుంది. తరచు ముందు గోక్కునేది స్నానం చేయించే ఆయాలే. ఇద్దరు ఆయాలకు రాత్రిపూట దురద మొదలైతే ఆశ్రమంలో ప్రతి ఒక్కరి ఒళ్లూ చూడాల్సిందే.

సేవ చేసేవారే అంటును మోసుకెళ్లే దారి కావడం 2020లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం కర్క్‌లాండ్‌లో స్పష్టంగా రికార్డయింది. ఒక్క వృద్ధాశ్రమంతో ముడిపడి మార్చి 18 నాటికి 167 మందికి కోవిడ్ తేలింది: 101 మంది నివాసులు, 50 మంది సిబ్బంది, 16 మంది చూడవచ్చినవారు. జబ్బుగా ఉండి కూడా పనికి వచ్చినవారు, ఒకటికి మించిన ఆశ్రమాల్లో పనిచేసేవారు అంటు పాకడానికి కారణమయ్యారని దర్యాప్తు చెప్పింది. మన దగ్గరా రోజుకూలికి రెండు మూడు చోట్ల చేసే ఆయాలు, వంటవారు తక్కువేమీ కాదు. కాబట్టి రోగుల పట్టికలో సిబ్బంది పేర్లూ ఉండాలి.

అనుమానం కలిగిన రోజే ఏఎన్ఎంకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు కబురు పోవాలి. 2004 నవంబరులో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమంలో దీనికి దారి ఉంది. ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి ఎస్ ఫారం, డాక్టరు పి ఫారం, ప్రయోగశాల ఎల్ ఫారం నింపుతారు. 2021 నుంచి ఇవన్నీ కంప్యూటరు వేదిక మీదికి వచ్చాయి. ఎస్ ఫారానికి రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నా కబురు ఆలస్యం కావడానికి కారణం భయం. జబ్బు సంగతి చెప్పిన వార్డెన్‌కు ముందు షోకాజ్ నోటీసు వస్తే, తర్వాతి వార్డెన్ మాత్రలిచ్చి సర్దుకుంటాడు. మొదటి రోజే చెప్పినవారికి ఆ చెప్పినందువల్ల ఏ శిక్షా ఉండదని అధికారులు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. నిర్లక్ష్యం ఉంటే దాని విచారణ తర్వాత, వేరుగా జరగాలి.

డాక్టరు వచ్చేలోగా కేంద్రంలో చేయాల్సిన పనులు ఎక్కువేమీ లేవు, కానీ ఆలస్యమైతే మళ్లీ దొరకవు. మిగిలిన కూర, అన్నం పారబోయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. యాంటీబయాటిక్ వేయకముందే మలం నమూనా శుభ్రమైన డబ్బాలో తీయాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో చూడాలి. హెచ్‌టుఎస్ సీసాలో పోసిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలంతో కలుషితమైనట్టు అనుమానించాలి. పేరు, వయసు, గది, లక్షణం, మొదలైన తేదీ, సమయం, ముందు రెండు రోజుల్లో తిన్నవి ఒక్కో వరుసలో రాయాలి. నీళ్ల విరేచనాలు అవుతున్న బిడ్డకు ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టాలి. దర్యాప్తు కోసం అది ఆగకూడదు.

వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా 48 గంటల దాకా వంటమనిషి వంటగదిలోకి రాకూడదు. నోరోవైరస్ కోలుకున్నాక కూడా రెండు వారాలో అంతకు మించో మలంలో పోతూనే ఉంటుంది కనుక ఆ తర్వాతా సబ్బుతో చేతులు కడగడం తప్పదు. ఆ రెండు రోజుల జీతం కోసేచోట వంటమనిషి వాంతులు దాచిపెడుతుంది, కాబట్టి జీతంతో కూడిన సెలవు కూడా నిఘాలో భాగమే. చివరి కేసు బయటపడ్డాక, ఆ జబ్బుకు గరిష్ఠ పొదుగుకాలానికి రెండింతలు కొత్త కేసు లేకుండా గడిస్తే వ్యాధి ఆగిందని ప్రకటించవచ్చు. ఆటలమ్మకు గరిష్ఠం 21 రోజులు కనుక 42 రోజులు ఆగాలి. నోరోవైరస్‌కైతే నాలుగు రోజులు గడిస్తే సరిపోతుంది, అయినా చాలా ఆశ్రమాలు వారం దాకా కనిపెట్టుకుని ఉంటాయి. ఆ వ్యవధిలో హాజరుపట్టీలో కారణం గడి ఒక్క రోజూ ఖాళీగా ఉండకూడదు.